పోర్షే 959, ఫెరారీ ఎఫ్40: ఒకే రూల్ బుక్‌లోంచి వచ్చిన రెండు కార్లు

ఈరోజు నా వెనకాల బోర్డు మీద రెండు కాగితాలు అంటించాను. ఎడమవైపు పోర్షే 959, కుడివైపు ఫెరారీ ఎఫ్40. రెండూ 1980ల నాటి కార్లు. మీలో చాలామంది పుట్టక ముందువి. అయినా గేముల్లో నడిపి ఉంటారు, రీల్స్‌లో చూసి ఉంటారు.

మనం ఫోన్ కొనే ముందు ఏం చేస్తాం? రెండు మోడల్స్ పక్కపక్కన పెట్టి ర్యామ్ ఎంత, బ్యాటరీ ఎంత, కెమెరా ఎంత అని కిందిదాకా స్క్రోల్ చేస్తాం. ఎక్కువ లైన్లలో ఏది గెలిస్తే అదే మంచి ఫోన్. ఈ రెండు కార్ల మీద ముప్పై ఏళ్ళకు పైగా జరుగుతున్న గొడవ కూడా సరిగ్గా ఇలాంటిదే. ఏది ఫాస్ట్? ఏది గొప్ప? నేను ఈరోజు అదే స్పెసిఫికేషన్ షీట్ తీసుకుంటాను, కాకపోతే దాన్ని ఒక పాత శాసనం చదివినట్టు చదువుతాను. శాసనంలో ఒక్కో అంకె వెనకా ఒక కారణం ఉంటుంది కదా, ఇక్కడ కూడా అంతే.

ముందు అంకెలు చెప్పేస్తాను. పోర్షే 959లో ఆరు సిలిండర్ల ఇంజిన్, 2,849 సీసీ, రెండు టర్బోలు, 450 పీఎస్ పవర్. బరువు దాదాపు 1,450 కిలోలు. సున్నా నుంచి 100 కిలోమీటర్ల వేగానికి 3.7 సెకన్లు. టాప్ స్పీడ్ గంటకు 315 కిలోమీటర్లు. ఇక ఫెరారీ ఎఫ్40లో వీ8 ఇంజిన్, 2,936 సీసీ, దీనికీ రెండు టర్బోలే, 478 పీఎస్. కంపెనీ చెప్పిన బరువు 1,100 కిలోలు. సున్నా నుంచి 100కి కంపెనీ లెక్క 4.1 సెకన్లు. టాప్ స్పీడ్ 324.

ఇప్పుడు ఒకసారి ఆగి చూడండి. ఫెరారీకి పవర్ ఎక్కువ, బరువు తక్కువ. కానీ 100కి ముందు చేరేది పోర్షే. ఇది ఒక చిక్కుముడి. రెండోది ఇంకా చిన్నది, ఎవరూ పట్టించుకోనిది: ఆ 2,849, ఈ 2,936. రెండింటి మధ్య 87 సీసీ తేడా. మన బైకుల లెక్కలో చూస్తే ఒక చిన్న బండి ఇంజిన్ అంత. ఈ 87 సీసీలోనే నాకు అసలు కథ కనిపిస్తుంది. అందుకే దాంతోనే మొదలుపెడతాను.

1982లో మోటార్ రేసింగ్‌లో గ్రూప్ బి అని కొత్త రూల్స్ వచ్చాయి. అంతకుముందు రేసు కారు వేయాలంటే దాని మామూలు వెర్షన్ వందల్లో, వేలల్లో తయారుచేసి జనానికి అమ్మాలి. గ్రూప్ బిలో ఆ సంఖ్యని 200కి దించేశారు. ఏడాదిలో 200 కార్లు కట్టి చూపిస్తే చాలు, మీ కారు పోటీకి అర్హమే. దీన్నే హోమోలోగేషన్ అంటారు. 200 కార్లంటే పెద్ద కంపెనీకి లెక్కే కాదు. అందుకే ఇంజనీర్లందరికీ పండగ వచ్చినట్టయింది.

అయితే ఆ రూల్స్‌లో ఇంజిన్ సైజును బట్టి తరగతులు ఉండేవి. మీ కారు ఏ తరగతిలోకి వస్తే దానికి తగ్గట్టు కనీస బరువు, చక్రాల వెడల్పు నిర్ణయిస్తారు. మరి టర్బో ఉన్న ఇంజిన్ సంగతి? టర్బో పెట్టుకుంటే చిన్న ఇంజిన్ కూడా పెద్దదానిలా పనిచేస్తుంది కాబట్టి, దాని సీసీని 1.4తో గుణించి చూసేవారు. ఇప్పుడు ఫోన్‌లో క్యాలిక్యులేటర్ తీయండి. పోర్షే 2,849 ఇంటూ 1.4. ఎంత వచ్చింది? 3,988 చిల్లర. నాలుగు లీటర్ల గీతకి ఇవతల, ఒక పదకొండు సీసీ దూరంలో ఆగింది. అంటే ఆ ఇంజిన్ సైజు ఎవరో ఇష్టంగా ఎంచుకున్నది కాదు. రూల్ బుక్ చూసి కొలిచి కట్టిన ఇంజిన్ అన్నమాట.

ఫెరారీ దగ్గర అప్పటికే ఒక కారు ఉంది, 288 జీటీవో. 1984లో జెనీవా షోలో చూపించారు. దాని ఇంజిన్ 2,855 సీసీ. ఇంటూ 1.4 చేస్తే 3,997. చూశారా? జర్మనీలో ఒకళ్ళు, ఇటలీలో ఒకళ్ళు కూర్చుని, ఒకే గీత పక్కన పెన్సిల్ ఆపారు. 288 జీటీవోలు మొత్తం 272 తయారయ్యాయి. ఎఫ్40 దాని ఇంటి నుంచే వచ్చింది. అంటే మన బోర్డు మీదున్న రెండు కార్లూ ఒకే తానులోని ముక్కలు.

మరి ఎఫ్40 ఇంజిన్? 2,936 ఇంటూ 1.4. నాలుగు వేలు దాటి 4,110కి వెళ్ళిపోయింది. గీత దాటేసింది. ఎందుకు దాటింది అంటే, అప్పటికి ఆ గీతే లేదు కాబట్టి అని నేనంటాను. గీత ఎందుకు పోయిందో కాసేపట్లో చెప్తాను, అది సంతోషంగా చెప్పుకునే విషయం కాదు. ముందు పోర్షే వైపు వెళ్దాం.

1980ల మొదట్లో పోర్షే కంపెనీకి ఒక పెద్ద సందేహం ఉండేది. వాళ్ళ ప్రాణం లాంటి కారు 911. ఇంజిన్ వెనక చక్రాలకి కూడా వెనక్కి ఉంటుంది. 1963లో మొదటిసారి చూపించిన డిజైన్ అది. ఇక దాని కాలం అయిపోయింది, ఆపేద్దాం అనే ఆలోచన కంపెనీలో గట్టిగా నడిచింది. 1981లో పీటర్ షుట్జ్ అనే ఆయన అధిపతిగా వచ్చి ఆ నిర్ణయాన్ని తిప్పేశారు. 911 బతుకుతుంది అన్నారు. బతకడం సరే, ఇంకో ఇరవై ఏళ్ళు బతకాలంటే దానికి ఏమేం నేర్పాలి? ఈ ప్రశ్న ఇంజనీరింగ్ పెద్ద హెల్ముట్ బాట్ ముందుకొచ్చింది. గ్రూప్ బి రూల్స్ అప్పుడే వచ్చాయి. 200 కార్లలో మనకి తెలిసిన టెక్నాలజీ అంతా పెట్టి చూద్దాం, ఏది పనిచేస్తుందో, ఏది చేయదో తెలిసిపోతుంది అనే దారి పట్టారు. 1983 ఫ్రాంక్‌ఫర్ట్ షోలో గ్రూప్ బి పేరుతోనే ఒక నమూనా చూపించారు. అదే 959కి పునాది.

ఆ కారులో ఏం పెట్టారో వినండి. నాలుగు చక్రాలకీ పవర్ వెళ్తుంది. ముందుకెంత, వెనక్కెంత అన్నది కంప్యూటర్ నిర్ణయిస్తుంది. పొడి రోడ్డు, తడి రోడ్డు, మంచు అని డ్రైవర్ ఎంచుకోవచ్చు. కారు నేలకి ఎంత ఎత్తులో ఉండాలో మూడు స్థాయిలు, 120, 150, 180 మిల్లీమీటర్లు. వేగం పెరిగితే కారు తనంతట తనే కిందికి దిగుతుంది. టైర్లలో గాలి తగ్గితే చెప్పే సెన్సార్లు. మెగ్నీషియం చక్రాలు, వాటి కమ్మీలు లోపల బోలుగా ఉంటాయి. ఆరు గేర్లు, మొదటి గేరు మీద 1 అని ఉండదు, జీ అని ఉంటుంది. జర్మన్‌లో గెలెండె అంటే ఎగుడుదిగుడు నేల. సిలిండర్లని గాలి చల్లబరుస్తుంది, పైనున్న సిలిండర్ హెడ్స్‌ని నీళ్ళు చల్లబరుస్తాయి. ఇదంతా స్మార్ట్‌ఫోన్ అనే మాటే లేని రోజుల్లో.

ఇంతవరకు బాగానే ఉంది. కానీ ఇదంతా పనిచేస్తుందని ఎలా తెలుస్తుంది? ఇక్కడే నాకు పోర్షే వాళ్ళ తెగువ నచ్చుతుంది. వాళ్ళు దీన్ని తీసుకెళ్ళి ఎడారిలో పడేశారు.

పారిస్-డాకార్ ర్యాలీ తెలుసుగా. అప్పట్లో ఫ్రాన్స్‌లో మొదలై సహారా దాటి సెనెగల్ రాజధాని డాకార్ దాకా వెళ్ళేది. వేల కిలోమీటర్ల ఇసుక, రాళ్ళు. జీపులు, లారీలు వెళ్ళే చోటు. 1984లో పోర్షే ఒక 911కి నాలుగు చక్రాల డ్రైవ్ పెట్టి పంపింది, రెనే మెట్జ్ నడిపి గెలిచారు. మరుసటి ఏడు 959 రూపంలో ఉన్న మూడు కార్లు పంపారు. మూడింట్లో ఒక్కటి కూడా చివరిదాకా రాలేదు. ఇంకో కంపెనీ అయితే ఇంతటితో చాలనుకునేదేమో. వీళ్ళు అదే ఏడాది ఈజిప్టులో జరిగిన ఫారోస్ ర్యాలీకి వెళ్ళారు, ఖతార్ డ్రైవర్ సయీద్ అల్ హజ్రీ గెలిచారు. 1986 జనవరిలో మళ్ళీ డాకార్‌కి మూడు 959లు. ఈసారి మెట్జ్ ఫస్ట్, జాకీ ఇక్స్ సెకండ్. మూడో కారు నడిపింది పోర్షే ఇంజనీర్ రోలాండ్ కుస్మౌల్. అది ముందున్న రెండు కార్లకి తోడుగా వెళ్ళే సర్వీసు కారు లాంటిది. అది కూడా ఆరో స్థానంలో వచ్చింది! పెళ్ళికి వంట సామాన్లు మోసుకెళ్ళిన బండి ఊరేగింపులో ఆరోదిగా నిలిచినట్టు. అయితే ఆ ఏడాది ర్యాలీలో విషాదం కూడా ఉంది. ఆ ర్యాలీని స్థాపించిన థియరీ సబీన్ పోటీ మధ్యలోనే హెలికాప్టర్ ప్రమాదంలో చనిపోయారు.

అదే ఏడాది జూన్‌లో ఇదే కారు రేసు వెర్షన్, పేరు 961, లె మాన్స్ 24 గంటల రేసులో ఏడో స్థానంలో వచ్చింది. ఎడారిలో గెలిచిన కారు, ట్రాక్ మీద కూడా నిలబడింది. ఇలాంటి కారు ఇంకోటి చెప్పమంటే నాకు వెంటనే గుర్తు రాదు.

ఇప్పుడు ఆ గీత ఎందుకు పోయిందో చెప్తాను.

గ్రూప్ బి కార్లు ఏటా బలం పెంచుకుంటూ పోయాయి. ర్యాలీ అంటే మూసేసిన ట్రాక్ కాదు, మామూలు కొండ రోడ్లు, పల్లె రోడ్లు. జనం రోడ్డు అంచునే, కొన్నిసార్లు రోడ్డు మధ్యలోనే నిలబడి, కారు దగ్గరికొచ్చాక పక్కకి తప్పుకునేవారు. 1986 మార్చిలో పోర్చుగల్ ర్యాలీలో ఒక ఫోర్డ్ కారు జనంలోకి దూసుకెళ్ళింది. ముగ్గురు చనిపోయారు, ముప్పై మందికి పైగా గాయపడ్డారు. పెద్ద టీముల డ్రైవర్లు ఇక నడపం అని ఆ ర్యాలీ వదిలేశారు. రెండు నెలలు కాకముందే, మే 2న, కోర్సికా ద్వీపంలో ఫిన్లాండ్ డ్రైవర్ హెన్రీ టోయివోనెన్, ఆయన పక్కన కూర్చున్న కో-డ్రైవర్ సెర్జియో క్రెస్టో ఉన్న లాన్సియా డెల్టా ఎస్4 లోయలోకి పడి కాలిపోయింది. ఇద్దరూ పోయారు. టోయివోనెన్ వయసు 29. ఆ వెంటనే ప్రకటన వచ్చింది, 1987 నుంచి ప్రపంచ ర్యాలీ చాంపియన్‌షిప్‌లో గ్రూప్ బి ఉండదు.

ఇక్కడ పోర్షే, ఫెరారీ కార్ల తప్పు లేదు. ఇవి ఆ చాంపియన్‌షిప్‌లో పరిగెత్తనే లేదు. కానీ ఏ రూల్ బుక్ కోసం పుట్టాయో అది కళ్ళముందే చిరిగిపోయింది. చుక్కలు పెట్టి ముగ్గు వేస్తుంటే ఎవరో వచ్చి వాకిలి ఊడ్చేసినట్టు. అప్పటికి ఫెరారీ దగ్గర 288 జీటీవో ఎవొల్యూజియోనె అని కొన్ని కార్లు, వేళ్ళ మీద లెక్కపెట్టేన్ని, తయారై ఉన్నాయి. 650 హార్స్‌పవర్ దాకా వచ్చే రాక్షసులు. నడపడానికి పోటీ లేదు.

అప్పుడు ఎంజో ఫెరారీకి 88 ఏళ్ళు. ఆ కార్ల వెనక ఉన్న ఇంజనీరు నికోలా మాటెరాజ్జి. ఆ పనంతా వృథా కాకుండా, అదే ఇంజనీరింగ్‌తో రోడ్డు మీద నడిచే కారు చేద్దామనే నిర్ణయం జరిగింది. 1947లో ఫెరారీ పేరుతో మొదటి కారు వచ్చింది కాబట్టి 1987కి నలభై ఏళ్ళు. అందుకే ఎఫ్40. ఏడాది కాస్త అటూఇటుగా కారు తయారైపోయింది. 1987 జులై 21న మారనెల్లోలో ఎంజో సమక్షంలోనే ముసుగు తీశారు. ఆయన బతికుండగా వచ్చిన చివరి ఫెరారీ అదే. మరుసటి ఏడాది ఆగస్టు 14న ఆయన పోయారు.

ఇప్పుడు మళ్ళీ షీట్ దగ్గరికి వద్దాం. పోర్షేకి రూల్స్ ఉన్నప్పుడు మొదలైన కారు, ఫెరారీకి రూల్స్ పోయాక మొదలైన కారు. అందుకే 2,849, అందుకే 2,936.

మిగతా అంకెలు చదివే ముందు ఒక జాగ్రత్త. పవర్ విషయంలో కొన్ని వెబ్‌సైట్లలో ఎఫ్40కి 478 అని, కొన్నింట్లో 471 అని ఉంటుంది. 959కి 450 అని, 444 అని ఉంటుంది. ఎవరూ అబద్ధం చెప్పట్లేదు. యూరప్ వాళ్ళ పీఎస్ వేరు, ఇంగ్లీషు వాళ్ళ హార్స్‌పవర్ వేరు. రెండోది కొంచెం పెద్ద కొలత, అందుకే అంకె కొంచెం చిన్నగా వస్తుంది. చాలా వీడియోల్లో ఒక కారుకి ఇది, ఇంకో కారుకి అది పెట్టి పోలుస్తారు. గజాలకీ మీటర్లకీ పోటీ పెట్టినట్టు.

బరువు దగ్గర ఇంకాస్త మోసం ఉంది. ఫెరారీ చెప్పే 1,100 కిలోలు డ్రై వెయిట్. అంటే ట్యాంకులో పెట్రోలు లేకుండా, ఇంజిన్‌లో ఆయిల్ లేకుండా, రేడియేటర్‌లో నీళ్ళు లేకుండా తూచిన బరువు. అలాంటి కారు కదలదు కదా! అన్నీ నింపితే 1,200 దాటేస్తుంది. పోర్షే 1,450 నడిచే కారు బరువు. కాబట్టి తేడా కాగితం మీద 350 కిలోలు కనిపిస్తుంది గానీ రోడ్డు మీద అంత ఉండదు. అయినా ఫెరారీయే తేలిక, అందులో వాదన లేదు.

మరి తేలికైన, బలమైన కారు 100కి ఎందుకు ఆలస్యంగా చేరుతుంది? దమ్ము చేస్తున్న పొలంలో ట్రాక్టర్ దిగబడటం మీరు చూసే ఉంటారు. ఇంజిన్ అరుస్తూనే ఉంటుంది, వెనక చక్రాలు తిరుగుతూనే ఉంటాయి, బండి మాత్రం అక్కడే. పవర్ ఎంత ఉన్నా చక్రం నేలని పట్టుకోగలిగినంత వరకే పనికొస్తుంది. ఎఫ్40 పవరంతా రెండు వెనక చక్రాలకే వెళ్తుంది. ఆ టైర్లు 335 మిల్లీమీటర్ల వెడల్పు, అడుగు కంటే ఎక్కువ. అయినా సరిపోదు. క్లచ్ గట్టిగా వదిలితే చక్రాలు అక్కడే తిరిగి పొగ వస్తుంది. 959 వెనక టైరు వెడల్పు 255 మాత్రమే, కానీ నేలని నాలుగు చక్రాలు తోస్తున్నాయి. ఆ 0.4 సెకన్ల తేడా ఇంజిన్‌ది కాదు, పట్టుది. వేగం పెరిగాక చక్రాలు జారడం ఆగుతుంది, అప్పుడు తక్కువ బరువు, ఎక్కువ పవర్ తమ పని మొదలుపెడతాయి. వర్షం పడితే మాత్రం నేను ఎటువైపు పందెం కాస్తానో చెప్పక్కర్లేదు.

టాప్ స్పీడ్ లెక్క పూర్తిగా వేరు. 300 దాటాక బరువు పెద్ద శత్రువు కాదు, గాలి శత్రువు. వేగం రెట్టింపు అయితే గాలిని చీల్చడానికి కావాల్సిన పవర్ ఎనిమిది రెట్లవుతుంది. 959 గుండ్రంగా, సబ్బు బిళ్ళలా జారిపోయేలా ఉంటుంది, డ్రాగ్ కోఎఫిషియెంట్ 0.31. ఎఫ్40 వెనక ఆ పెద్ద రెక్క కారుని నేలకి నొక్కుతుంది గానీ గాలిని ఆపుతుంది, 0.34. ఆ నష్టాన్ని ఎక్కువ పవర్‌తో పూడ్చుకుని 324 చేరుతుంది. ఎందుకు సరిగ్గా 324? మైళ్ళలోకి మార్చండి, 201. గంటకి 200 మైళ్ళు దాటిన మొదటి అమ్మకపు కారు అని చెప్పుకోవడానికి ఆ ఒక్క మైలు చాలు. 1988లో ఇటలీలోని నార్డో ట్రాక్ మీద పవర్ పెంచిన ఒక 959 కూడా 339 కిలోమీటర్లు తాకింది. కానీ జనం గుర్తుపెట్టుకున్నది మాత్రం ఆ 201నే. నా దృష్టిలో ఈ లైను ఇంజనీరింగ్ కంటే ఎక్కువగా అమ్మకాల లైను.

షీట్‌లో రెండింటికీ రెండేసి టర్బోలు అని ఒకేలా రాసి ఉంటుంది. కానీ షీట్ దాచేసే అతి పెద్ద తేడా అక్కడే ఉంది. ఇంజిన్ నుంచి బయటకొచ్చే పొగ ఒక చిన్న ఫ్యాన్‌ని తిప్పుతుంది, ఆ ఫ్యాన్ ఇంకో ఫ్యాన్‌ని తిప్పి ఇంజిన్‌లోకి గాలి ఎక్కువగా తోస్తుంది, అదే టర్బో. పొగ సరిపడా వచ్చేదాకా ఫ్యాన్ తిరగదు. ఇంట్లో బోరు మోటారు వేస్తే ఏమవుతుంది? ముందు కుళాయిలోంచి ఉత్త గాలి, బుస్సుమని చప్పుడు, తర్వాత ఒక్కసారిగా నీళ్ళు బకెట్ కొట్టేస్తాయి. ఎఫ్40 అలాంటిది. రెండు టర్బోలూ కలిసి ఒకేసారి మేలుకుంటాయి. యాక్సిలరేటర్ తొక్కితే ఒక క్షణం ఏమీ జరగదు, ఆ తర్వాత వెనక నుంచి ఎవరో తన్నినట్టు ఉంటుందని నడిపినవాళ్ళంతా రాశారు. 959లో రెండు టర్బోలూ వంతులవారీగా పనిచేస్తాయి. తక్కువ వేగంలో ఉన్న కొద్ది పొగ అంతా ఒక్క టర్బోకే వెళ్తుంది కాబట్టి అది త్వరగా తిరుగుతుంది. ఇంజిన్ వేగం పెరిగాక రెండోది కలుస్తుంది. దీన్ని సీక్వెన్షియల్ టర్బో అంటారు. డ్రైవర్‌కి తన్ను తగలదు, తోపు తగులుతుంది.

లోపల కూర్చుంటే ఇంకా స్పష్టం. 959 కంఫర్ట్ వెర్షన్‌లో లెదర్, ఏసీ, పవర్ స్టీరింగ్, ఏబీఎస్, అన్నీ ఉన్నాయి. ఎఫ్40లో కార్పెట్ లేదు, రేడియో లేదు, పవర్ స్టీరింగ్ లేదు, ఏబీఎస్ లేదు. బ్రేక్‌కి బూస్టర్ కూడా లేదు, అంటే ఆపాలంటే కాలి బలమే. తలుపు తెరవడానికి హ్యాండిల్ బదులు ఒక తీగ ఉంటుంది, లాగాలి. మొదట్లో వచ్చిన కార్లకి కిటికీ అద్దాలు ప్లాస్టిక్‌వి, పక్కకి జరపాలి. బాడీ కార్బన్ ఫైబర్, కెవ్లార్, దాని మీద రంగు ఎంత పలచగా వేశారంటే కింద నేత కనిపిస్తుంది. ఏసీ మాత్రం ఉంది, అంత పెద్ద ముందద్దం కింద అది లేకపోతే మనిషి ఉడికిపోతాడు. వెనక మూడు సైలెన్సర్ గొట్టాలు చూసే ఉంటారు. పక్కవి రెండూ ఇంజిన్ పొగవి. మధ్యది టర్బోలో ప్రెషర్ ఎక్కువైతే మిగిలిన పొగని బయటికి వదిలేది. చాలామంది అలంకారం అనుకుంటారు.

డబ్బు దగ్గర ఇద్దరి దారులూ విడిపోతాయి. 959 ధర 4,20,000 జర్మన్ మార్కులు. ఒక్కో కారు మీద పోర్షేకి అయిన ఖర్చు అంతకంటే చాలా ఎక్కువ అని అప్పటినుంచీ అందరూ చెప్పేదే. డెలివరీలు కూడా ఆలస్యమై 1987లో మొదలయ్యాయి. దాదాపు 300 కార్లు చేసి ఆపేశారు, 1992లో మిగిలిన విడిభాగాలతో ఇంకో ఎనిమిది. ఫెరారీ 400 కార్లు చాలనుకుంది. జనం క్యూ కట్టారు. 1992 వరకు చేస్తూ పోయి 1,311 దగ్గర ఆగింది. మధ్యలో ధరల పిచ్చి వచ్చి, కారు చేతికి రాకముందే బుకింగ్ కాగితాన్నే లాభానికి అమ్ముకున్నవాళ్ళున్నారు.

అమెరికా కథ చెప్పకుండా వదల్లేను. అక్కడ కారు అమ్మాలంటే ప్రభుత్వానికి కొన్ని కార్లు ఇవ్వాలి, వాళ్ళు గోడకి గుద్ది పరీక్షిస్తారు. నష్టానికి అమ్ముతున్న కారుని గుద్దడానికి కూడా ఇవ్వాలా అని పోర్షే ఇవ్వలేదు. కాబట్టి 959 అక్కడి రోడ్డు మీద తిరగడం నేరం. ఫెరారీ మాత్రం ఎఫ్40కి అమెరికా వెర్షన్ చేసి 200కి పైగా అమ్ముకుంది. ఈలోగా మైక్రోసాఫ్ట్ బిల్ గేట్స్ 959 ఒకటి కొని తెప్పించుకున్నారు. కస్టమ్స్ వాళ్ళు ఆపేశారు. పదమూడేళ్ళు! ప్రపంచంలోనే అత్యంత ధనవంతుడు, తన కారు తను తెచ్చుకోలేకపోయారు. చివరికి షో ఆర్ డిస్‌ప్లే అనే మినహాయింపు 1999లో అమల్లోకి వచ్చింది. చారిత్రకంగా, సాంకేతికంగా ముఖ్యమైన అరుదైన కార్లని తెచ్చుకోవచ్చు, కానీ ఏడాదికి 2,500 మైళ్ళు, అంటే సుమారు 4,000 కిలోమీటర్లు మించి నడపకూడదు.

తర్వాత ఏమైంది? 959లో పరీక్షించిన నాలుగు చక్రాల డ్రైవ్ ఆలోచన 1989కల్లా మామూలు 911లోకి, కరెరా 4 పేరుతో వచ్చేసింది. 1995లో వచ్చిన 911 టర్బోకి రెండు టర్బోలు, నాలుగు చక్రాల డ్రైవ్. ఆపేద్దామనుకున్న 911 ఇప్పటికీ అమ్ముడవుతోంది. టైర్‌లో గాలి తగ్గితే చెప్పే లైటు ఇప్పుడు మన రోడ్ల మీద మామూలు కార్లలో కూడా కనిపిస్తుంది. ఏబీఎస్ 959 కనిపెట్టింది కాదు, 1978లోనే మెర్సిడెస్ ఎస్-క్లాస్‌లో వచ్చింది. దాన్ని నాలుగు చక్రాల డ్రైవ్‌తో, 300 దాటే వేగంలో పనిచేయించడం 959 చేసిన పని. మన దేశంలో 2019 ఏప్రిల్ నుంచి కొత్త కార్లన్నింటికీ, 125 సీసీ దాటిన బైకులకీ ఏబీఎస్ తప్పనిసరి. మీలో చాలామంది నడిపే 150 సీసీ బండిలో ఉన్న ఈ వస్తువు 1987 నాటి ఎఫ్40లో లేదు.

ఎఫ్40 నుంచి ఇలా కిందికి దిగొచ్చిన వస్తువులు నాకు పెద్దగా కనిపించవు. రేసుల్లో ఉంది, 1989లో అమెరికాలోని లగూనా సెకాలో జాన్ అలేసి దానితో మూడో స్థానం తెచ్చారు. కానీ దాని అసలు వారసత్వం వేరే. ఇప్పటి కార్లలో స్క్రీన్లు, సెన్సార్లు పెరిగేకొద్దీ, ఏమీ లేని ఆ కారు ధర పెరుగుతూ పోతోంది. మనిషికీ రోడ్డుకీ మధ్య ఎవరూ లేని కారు అంటే ఎలా ఉంటుందో చూపించడానికి అదొక సాక్ష్యం.

నేను ఈ రెండు కార్లూ నడపలేదు, నడుపుతాననే ఆశ కూడా లేదు. కానీ ఏదో ఒకటి చెప్పు అంటే, తప్పించుకోను. నా ఓటు 959కి. ఎడారిలో మూడు కార్లూ చచ్చిపోయాక మళ్ళీ మూడు పంపిన ఆ మొండితనం కోసం. ఎఫ్40 అందంగా లేదని కాదు. దాని పోస్టర్ నా గోడ మీదే ఉండేది, 959ది ఎప్పుడూ లేదు. గోడకి ఒకటి, ఓటుకి ఒకటి, ఏం చేస్తాం.

వచ్చే ఎపిసోడ్‌లో మెక్‌లారెన్ ఎఫ్1. 1998లో గంటకి 386 కిలోమీటర్లు తాకింది. టర్బో ఒక్కటి కూడా లేదు, డ్రైవర్ సీటు మధ్యలో ఉంటుంది. ఎందుకు మధ్యలో పెట్టారో అప్పుడు చెప్తాను. ఉంటాను మరి.